ట్యాంకరు చప్పుడు

జన్నారం డిపో నుంచి పొద్దుగాల నాలుగున్నరకు బయలెల్లుత.
ఏడు సాసర్ పిట్లు, అడవి నడుమ సిమెంటు తాంబాళాలు,
ఒక్కోదాంట్లె ఆరు వందల లీటర్లు.
నా పని గంతే: అడవికి నీళ్లు పొయ్యడం.

మొదటి ఎండకాలం
నేనొస్తున్ననంటె అడవి ఖాళీ.
దుప్పులు తోకలెత్తి తెల్లగ మెరిసి మాయమయ్యేటివి,
కొండముచ్చు టేకుకొమ్మ మీంచి తిట్టిపోసేది.
ఎవరు తాగిండ్రో
తెల్లారి బురదల గిట్టల రాత చదివితెనే తెలిసేది.

ఇప్పుడట్ల కాదు.
మూడో గేరు నుంచి రెండుకు దించంగనె
మలుపుకాడ చెవులు లేస్తయి.
ఎడమ చెవి చీలిన ఆడదుప్పి ఒకటి
పిల్లను వెంటేసుకుని పైపు కాడికే వస్తది.
భయం ఎన్నేండ్లకు కరుగుతదో సార్లకు తెలువాలె.
నేను చూసిందైతె, దాహం ముందు
అది నాలుగు ఎండకాలాలే నిలిచింది.

ఊరి పక్క వాగు
కొత్త చింతపండు ఇంటికొచ్చేదాంక పారేది.
ఇప్పుడు పత్తి మూడో ఏరుడు గాకముందే ఇసుక.
కుమ్ర జైతుబాయి ఇప్పచెట్టు కింద నడుం పట్టుకుని చెప్తది:
"కామునిపున్నం ఎల్లినంక రాలే పువ్వు బిడ్డా,
ఇప్పుడు ముందే రాలుతాంది.
నేను గంప తెచ్చేసరికి ఎలుగ్గొడ్డు తిని పోయింటది.
చెట్టు దానికి చెప్పింది, నాకు చెప్పలే."
నవ్వుతది. గంప అడుగున పిడికెడు పూలు.

రేసుకుక్కలు కూడ నేర్చుకున్నయి.
నాలుగో పిట్టు కాడ పొదల్ల ఎర్రగ కూసుంటయి,
డ్యూటీ ఎక్కినట్టు.
వాటి మీద నాకు కోపం లేదు.
టైముకొస్తయి, నా లెక్కనే.

కెమెరాల ఫోటోలు లెక్కవెట్టే తొడసం భీంరావు
"నీయి నూటపన్నెండు, పులిది ఒక్కటి" అని ఎక్కిరిచ్చిండు.
ఆ ఒక్క ఫోటోల పులి
నా టైరు అచ్చులల్లనే నడుస్తాంది.
దుమ్ము మెత్తగుంటది గద, కాళ్లు కాలవు.

మొన్న ఏప్రిల్ల మూడొద్దులు డీజిలు బిల్లు రాలే.
బండి షెడ్లనే ఉంది.
రెండో రాత్రి, ఆరో పిట్టు కాడ
ఎవడో ఉత్త ట్రాక్టరు తోలిండు.
ట్యాంకరు లేదు, నీళ్లు లేవు,
ఇంజను చప్పుడొక్కటే
రెండో గేరుల, అచ్చం నా తీరుగ.
తొవ్వకడ్డం కరెంటు తీగ.

పొద్దున నేను పొయ్యేసరికి
తీగ లేదు, మాంసం లేదు.
మాడిన గడ్డి. ఈడ్చిన గీత.
ఎండిన పిట్టు అడుగున పాచి మీద
నాలుక గీరిన గుర్తులు.
చీలిన చెవి కోసం ఎతకలే.
ఎతికితె దొరుకుతదని.

రేంజరు సారు పంచనామా రాసిండు:
గుర్తు తెలియని వ్యక్తులు.
చప్పుడు ఎవలిదో ఆ కాయితంల లేదు.
ఆ చప్పుడు నాది సారూ.
పదకొండేండ్లు రోజింత పోసి
పెంచింది నేనే.

అప్పటిసంది ఇంజను మలుపుకు అవతలే ఆపుతున్న.
వంద మీటర్ల పైపు, సగం జీతం వెట్టి కొన్న,
భుజానేసుకుని ఒక్కన్నే గుంజుకపోత.
టైము మారుస్త, తొవ్వ మారుస్త.
ఒకనాడైతె హారను కొట్టుకుంట అరిచిన,
ఉరుకుండ్రి, నన్ను నమ్మకుండ్రి అని.
కొండముచ్చు నా దిక్కు ఓసారి చూసి
నిమ్మళంగ వంగి నీళ్లు తాగింది.

ఈయేడు మిరుగం పొద్దువెట్టింది.
నిన్న రాత్రి కడెం దిక్కు ఉరిమింది,
అరిగిన గేరు పడ్డట్టు, ఆగి ఆగి.
షెడ్డు ముందల నేను కూసున్న,
తాళంచెవి అంగీ జేబుల ఉంది.
కంచె అవతల చీకట్ల జతలు జతలు కండ్లు,
ఉరుము దిక్కు చెవులు తిప్పుకుని
పైపు కోసం చూస్తున్నయి.